డొక్కలు లారీ ఎక్కాయి... తోటకేం మిగిలింది?

ఎండాకాలంలో కూకట్‌పల్లి రోడ్డు పక్కన బండి దగ్గర ఆగి ఓ బొండం కొట్టించుకుంటాం. మనకు హాయిగా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ వద్దన్నారని తాగరు. వాళ్ల భయం పొటాషియం. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో అది సుమారు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. కాస్త పెద్ద బొండమైతే ఒక్కదాంట్లోనే అరగ్రాము దాటేస్తుంది.

ఇంత పొటాషియం కాయలోకి ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా అనుకున్నారా? చక్కెరైతే ఎండ, గాలి, నీళ్లు పెట్టి ఆకు వండుకుంటుంది. పొటాషియం అలా కాదు, అదొక మూలకం. ఏ ఆకూ దాన్ని పుట్టించలేదు. మట్టిలో ఉన్నదాన్ని వేరు పట్టుకుని పైకి పంపాల్సిందే. అంటే సిద్ధాంతం వంతెన దాటి హైదరాబాద్ వైపు వెళ్లే ప్రతి బొండాల లారీలోనూ కోనసీమ మట్టి కొంచెం కొంచెం వెళ్లిపోతోందన్నమాట.

వెళ్లింది మళ్లీ వెనక్కి వస్తోందా లేదా అన్నదే అసలు లెక్క. కొత్తపేట, అమలాపురం, రాజోలు తోటల భవిష్యత్తు చాలావరకు ఆ లెక్క మీదే ఉంది.

వేరు వెంట్రుకలు లేని చెట్టు

కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు అడుగున చీపురుకట్ట విప్పినట్టు వేలకొద్దీ సన్నటి వేళ్లు నాలుగు వైపులా పోతాయి. ఎదిగిన చెట్టుకి నాలుగు వేల నుంచి ఏడు వేల దాకా ఉంటాయి. తిండి తెచ్చే వేళ్లు ఎక్కువగా మొదలుకు రెండు మీటర్ల లోపే ఉంటాయి. మీ ఊళ్లో చెట్టు చుట్టూ గుండ్రంగా పళ్లెం చేసి ఎరువు అందులోనే వేయడం చూసే ఉంటారు, కారణం ఇదే. మొదట్లో పోసినా, వరసల మధ్య విసిరేసినా సగం దండగ.

ఇంకో విచిత్రం ఉంది. చాలా మొక్కల వేళ్లకు చివర్లో వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది, మట్టిలోంచి పోషకాలు పీల్చేది ఎక్కువగా ఆ నూగే. కొబ్బరి వేరుకి అది లేదు. ఆ లోటు తీర్చేది శిలీంధ్రాలు. కంటికి కనబడని దారాల్లా వేరులోకి దూరి, అక్కడి నుంచి మట్టిలోకి పాకి, వేరు చేరలేని సందుల్లో ఉన్న భాస్వరాన్ని లాక్కొచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు వాటికి చక్కెర పెడుతుంది. వీటిని మైకోరైజా అంటారు.

'అవతార్' సినిమా చూసినవాళ్లకి చెట్లు వేళ్లతో మాట్లాడుకోవడం గుర్తొచ్చే ఉంటుంది. 1997లో సుజాన్ సిమార్డ్ అనే కెనడా శాస్త్రవేత్త, శిలీంధ్రాలతో కూడి ఉన్న చెట్ల మధ్య కార్బన్ అటూ ఇటూ వెళ్లిందని 'నేచర్' పత్రికలో రాశారు. అప్పటి నుంచి ఆ ఊహకి రెక్కలొచ్చాయి. తల్లిచెట్టు పిల్లచెట్టుకి తినిపిస్తుందనే దాకా వెళ్లింది. అడవిలో దానికి రుజువులు చాలినన్ని లేవని 2023లో మరికొందరు శాస్త్రవేత్తలు లెక్కలు తిరగేసి చెప్పారు. ఆ గొడవ అటుంచితే, శిలీంధ్రం వేరుకి భాస్వరం అందిస్తుందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. కొబ్బరికి అదే చాలా ముఖ్యం.

పాపికొండల్లో లారీలుండవు

రాజమండ్రికి ఎగువన పాపికొండల అడవి ఉంది. ఎవరూ యూరియా చల్లరు, ఎవరూ పొటాష్ కొనరు. అయినా ఏళ్లకేళ్లుగా పచ్చగానే ఉంటోంది. ఎండలు ముదిరేసరికి చెట్లు ఆకులు రాలుస్తాయి. రాల్చే ముందు కూడా చెట్టు పిసినారే. ముసలి ఆకులోంచి నత్రజని, పొటాషియం వీలైనంత వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుని, ఆ తర్వాతే వదులుతుంది. రాలిన ఆకుని చెదలు, వానపాములు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా నమిలి నమిలి మెత్తన చేస్తాయి. తొలకరి పడగానే అందులోని పోషకాలు మట్టిలోకి దిగుతాయి, పైపైనే కాచుకుని ఉన్న వేళ్లు వాటిని అందుకుంటాయి. అదే సరుకు మళ్లీ మళ్లీ తిరుగుతుంది.

పాతకాలపు కోనసీమ తోట దాదాపు ఇలాగే నడిచేది. పైన కొబ్బరి, దాని కింద అరటి, పోక, అడుగున కంద, పసుపు. అడవిలో ఉన్నట్టే అంతస్తులు. కొబ్బరి చెట్టు ఏడాదికి డజనుకు పైగా మట్టలు రాలుస్తుంది. బాగా చూసుకునే తోటలో హెక్టారుకి ఆరు నుంచి ఎనిమిది టన్నుల చెత్త పోగవుతుందని కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ లెక్క. ఇప్పుడు అరటి స్థానంలో చాలాచోట్ల కోకో వచ్చింది. దాని ఆకులు పరుపులా పడుతుంటాయి, మట్టికి అది మేలే.

కానీ తోట అడవి కాదు. దానికి గేటు ఉంది. ఆ గేటు దాటి కాయలు పోతాయి, ఈనెలు చీపుర్లై పోతాయి, మట్టలు పొయ్యిలోకి పోతాయి. అన్నింటికంటే ఎక్కువగా పోయేది డొక్క.

చెట్టు అడిగేది పొటాష్, మనం అమ్మేదీ అదే

ఎదిగిన కొబ్బరి చెట్టుకి ఏడాదికి వేయమని చెప్పే మోతాదు చూడండి: నత్రజని 500 గ్రాములు, భాస్వరం 320, పొటాష్ 1200. కిలో యూరియా, రెండు కిలోల సూపర్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అన్నమాట. కొబ్బరికి ఆకలంతా పొటాష్ మీదే. ఎకరానికి అరవై చెట్లనుకుంటే 120 కిలోల పొటాష్ ఎరువు. మన దేశంలో ఆ ఎరువుకి గనుల్లేవు. దాదాపు మొత్తం కెనడా, రష్యా, జోర్డాన్ లాంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి.

ఆ పొటాష్‌లో పెద్ద వాటా ఎక్కడ చేరుతుందంటే కాయ పైన ఉండే డొక్కలో. అంబాజీపేట చుట్టుపక్కల ఒలుపు జరిగే చోట కొండల్లా కనిపించే డొక్కల కుప్పలు ఒక రకంగా పొటాష్ గోదాములే. అక్కడి నుంచి పీచు మిల్లుకి వెళ్తాయి. పీచు తాళ్లకి, పరుపులకి పోతుంది. పొట్టు మిగులుతుంది. ఆ పొట్టుని విదేశాల్లో కుండీల్లో మట్టికి బదులు వాడతారు. లవణాలు ఎక్కువున్నాయని ఎగుమతికి ముందు శుభ్రంగా కడుగుతారు. కడిగిన నీళ్లలో పోయేవాటిలో మన పొటాష్ కూడా ఉంటుంది! ఒకవైపు డొక్కలోది కాలవ పాలు చేసి, ఇంకోవైపు కెనడా గనిది కొని తెచ్చుకోవడం... దీనికేం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

పీచు పరిశ్రమ వద్దని చెప్పట్లేదు. అది వేలమందికి కూడు పెడుతోంది. మిల్లు దగ్గర మిగిలిపోయే పొట్టునైనా తోటకి తిప్పొచ్చు కదా అన్నదే బాధ. పచ్చి పొట్టు అలాగే వేస్తే లాభం లేదు. అందులో నత్రజని ఒక వంతైతే కార్బన్ సుమారు 112 వంతులు. దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాగేసుకుంటాయి, చెట్టు పస్తు పడుతుంది. టన్ను పొట్టుకి ఐదు కిలోల యూరియా, పుట్టగొడుగు జాతి శిలీంధ్రం పొరలు పొరలుగా వేసి తడిపి ఉంచితే నెల రోజుల్లో నల్లటి ఎరువవుతుంది. కార్బన్ 24 వంతులకి దిగుతుంది. ప్లూరోటస్ అనే ఆ శిలీంధ్రం, కూరగా తినే ఆయిస్టర్ పుట్టగొడుగు ఒకే కుటుంబం.

పాతవాళ్లు ఇవేవీ చదవలేదు. పొయ్యిలో బూడిద తీసి చెట్టు మొదట్లో పోసేవాళ్లు. డొక్క కాలిస్తే నత్రజని గాల్లో పోతుంది, పొటాష్ బూడిదలో ఉండిపోతుంది. గ్యాస్ వచ్చాక ఆ బూడిదా పోయింది.

గోదారి తెచ్చేది తగ్గింది

ఇంత పోతున్నా కోనసీమ ఇన్నాళ్లు ఎలా నిలబడిందంటే, వెనక గోదారి ఉంది. త్ర్యంబకం నుంచి 1465 కిలోమీటర్లు నడిచొచ్చే నది, దారిలో కొండల్నీ అడవుల్నీ కడిగి, ఆ ఒండ్రుని గౌతమికీ వశిష్ఠకీ మధ్య పరిచింది. కోనసీమ నేలంతా అలా పుట్టిందే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టాక కాలవలు వచ్చాయి, పంట పెరిగింది. ఏటిగట్లు ఎత్తయ్యే కొద్దీ వరద తోటల్లోకి రావడం తగ్గింది. అది మంచిదే, ప్రాణాలు నిలిచాయి. ఒండ్రు మాత్రం గట్టు అవతలే ఆగింది, లంకలకి తప్ప.

పైన ఆనకట్టల వెనక ఆగేది ఇంకా ఎక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి.హేమ మాలిని, కె.నాగేశ్వరరావు 2004లో 'కరెంట్ సైన్స్'లో లెక్కలు వేశారు. 1970ల్లో నది ఏటా తెచ్చే ఒండ్రు సగటున 15 కోట్ల టన్నులైతే, 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. తీరం కోతకి గురవడానికి అదే కారణమని వాళ్లు తేల్చారు. మిగిలిన లంక మట్టిని మనం ఇటుక బట్టీలకి తవ్వుకుంటున్నాం.

నది వెనకడుగు వేసిన చోట సముద్రం ముందుకొస్తుంది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజోలు నియోజకవర్గంలోని కేశనపల్లి వచ్చి, శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి చచ్చిపోయిన కొబ్బరి చెట్లు చూశారు. ఆ రోజు 'దిష్టి' అన్న మాట మీద జరిగిన రచ్చే మన ఫీడ్‌లో వారం రోజులు తిరిగింది. చెట్లు ఎలా చచ్చాయన్నది అంతగా తిరగలేదు.

కొబ్బరికి ఉప్పంటే అంత పగేం లేదు, తీరంలో పుట్టిన చెట్టు. కానీ పోటు నీరు డ్రెయిన్‌లోంచి ఎగదన్ని తోటలో నిలిచిపోతే రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. నిలవ నీళ్లలో వేరుకి గాలి ఆడదు, పోషకాలు లాగే శక్తి చచ్చిపోతుంది. పైగా ఉప్పులో ఉండే సోడియం పొటాషియానికి మారువేషం లాంటిది. పొటాషియం రావాల్సిన దారుల్లోంచి అదే దూరిపోతుంది. తోటలో పొటాష్ ముందే అడుగంటితే ఆ పోటీలో గెలిచేది సోడియమే. చెట్టుకి ఉన్నది ఒక్క మొవ్వు. అది ఎండితే పక్కన ఇంకో కొమ్మ వేయలేదు, తల రాలిపోయి స్తంభంలా మిగులుతుంది. అక్కడికి కాస్త దూరంలో, తీరం వెంట పెరిగే మడ చెట్లు అదే ఉప్పునీళ్లలో దర్జాగా ఉంటాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతో గాలి పీల్చుకుంటాయి. ఉప్పుని కొన్ని వేరు దగ్గరే ఆపేస్తాయి, కొన్ని ఆకు మీదుగా బయటికి కక్కేస్తాయి. కొబ్బరికి ఆ విద్య లేదు. డ్రెయిన్‌లో పూడిక తీసి నీటిని కిందికి పంపడమే దానికి మందు, ఎన్ని బస్తాల ఎరువు వేసినా ఆ పని చేయదు.

మూడున్నరేళ్ల తర్వాత వచ్చే బిల్లు

మట్టి ఆకలి కొబ్బరి మీద వెంటనే కనబడదు. ఇక్కడే అందరం మోసపోతాం. మొవ్వు లోపల పూగెల మొలక పడిన రోజు నుంచి కాయ ముదిరే దాకా దాదాపు 44 నెలలు పడుతుంది. ఈ ఏడాది పస్తు పెట్టినా, ఇదివరకే కట్టుకున్న గెలలు వస్తూనే ఉంటాయి. పాత ఆకుల మీద పసుపు, నారింజ మచ్చలు పడి అంచులు మాడతాయి. చెట్టు ముసలి ఆకులోంచి పొటాషియం లాగి కొత్త ఆకుకి పెట్టుకుంటోందనడానికి అది గుర్తు. ఎండకి అనుకుంటాం, వదిలేస్తాం.

మూడేళ్లకి కౌలు తీసుకున్న మనిషి, తాను వేసిన ఎరువుకి కాయ వచ్చేసరికి తోటలో ఉండడు. మరి అతనెందుకు వేస్తాడు? తోట యజమాని బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, పండక్కి వచ్చి డ్రోన్ ఎగరేస్తాడు. పైనుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. నన్నడిగితే అతన్నీ ఇతన్నీ తిట్టి లాభం లేదు. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఎన్ని డొక్కలు తోటలో ఉండిపోవాలి, పొటాష్ ఎవరు కొనాలి అన్నది కూడా కాయల లెక్కతో పాటు రాసుకుంటే చాలు.

డొక్కలు ఉండిపోతే వాటితో చేసేది పెద్ద పనేం కాదు. తొలకరి ముందు మొదలుకు రెండు మీటర్ల దూరంలో కందకం తవ్వి, గుంట వైపు ఆకాశానికి ఉండేలా వరసగా పేర్చి, వరసకీ వరసకీ మధ్య మట్టి కప్పుతారు. డొక్క తన బరువుకి మూడు నుంచి ఐదు రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. ఒకసారి పూడిస్తే ఐదారేళ్లు పనిచేస్తుంది. రెండో ఏడు అక్కడ కాస్త మట్టి తీసి చూడండి. సగం కుళ్లిన డొక్క లోపలికి లేత వేళ్లు దూరి అల్లుకుని ఉంటాయి.