డిప్ప పేరుతో పిలిచిన జీవులు

హైదరాబాద్‌లోని నాచారానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరే. అక్కడి జంతుశాస్త్ర విభాగం పరిశోధకులు 1980లలో పొలం గట్ల ఎండ్రకాయను ప్రయోగశాలకు తీసుకొచ్చి, కాడ్మియం లాంటి లోహం నీళ్లలో కలిస్తే దాని ఒంట్లో ఏం జరుగుతుందో కొలిచి చూశారు. శాస్త్రజ్ఞుల లెక్కలో ఆ ఎండ్రకాయ పేరు బారిటెల్ఫుసా గెరిని. పారిశ్రామికవాడను ఆనుకుని బతికే ఉప్పల్, నాచారం వాసులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. నీటి అడుగున బురదలో తిరిగే జీవికి ఆ నీళ్లలో ఏం కలిసిందో ముందుగా తెలుస్తుంది.

ఎండ్రకాయ, రొయ్య, సముద్రపు పీత, లాబ్‌స్టర్ అన్నీ క్రస్టేషియన్లే. లాటిన్‌లో క్రస్టా అంటే గట్టిపడిన పైపొర. రొట్టె మీది పెచ్చుకూ, పుండు మీద కట్టే పక్కుకూ అదే మాట. ఇంకా వెనక్కి వెళ్తే గడ్డకట్టడం అనే అర్థమున్న మూలం దొరుకుతుంది. గ్రీకు నుంచి వచ్చిన క్రిస్టల్ కూడా ఆ మూలం నుంచి పుట్టిందే. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ డిప్ప జీవులను కీటకాల్లో కలిపేశాడు. 1772లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బ్రూనిక్ వీటికి క్రస్టేషియా అని పేరుపెట్టి వేరుచేశాడు. విచిత్రమేమిటంటే, 2010లో 75 సంధిపాద జాతుల జన్యువులను పోల్చి చూసినప్పుడు, కీటకాలే క్రస్టేషియన్ల కొమ్మలోంచి మొలిచాయని తేలింది. లిన్నేయస్ చుట్టరికాన్ని సరిగ్గానే పసిగట్టాడు, ఎవరు ఎవరింట్లో పుట్టారన్నదే తారుమారైంది.

పేరుకు కారణమైన ఆ డిప్ప కైటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. దానికి కాల్షియం కార్బొనేట్ తోడై గట్టిపడుతుంది. శత్రువు నోటికి చిక్కకుండా కాపాడేది అదే, ఎదుగుదలకు అడ్డుపడేదీ అదే. డిప్ప సాగదు. అందుకే ఈ జీవి పెరగాలంటే పాతదాన్ని విడిచిపెట్టాలి. లోపల మెత్తటి కొత్త పొర సిద్ధం చేసుకుని, పాత పెంకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. వెంటనే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన కొలతకే కొత్త పెంకు గట్టిపడుతుంది. కొన్ని జాతులు విడిచిన పెంకునే తిని అందులోని కాల్షియాన్ని తిరిగి రాబట్టుకుంటాయి.

ఈ కాసేపే ప్రాణాపాయం. ఒళ్లంతా మెత్తగా ఉన్న రొయ్యను తోటి రొయ్యలే తినేస్తాయి. ఉప్పల్ చేపల దుకాణాలకు సరుకు పంపే కోస్తా జిల్లాల రైతులకు ఇది బాగా తెలుసు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చెరువులో రొయ్యలు ఎక్కువగా కుబుసం విడుస్తాయని వాళ్లు మేత తగ్గిస్తారు, ఖనిజాలు చల్లుతారు, రాత్రంతా ఏరేటర్లు ఆపరు. కుబుసాన్ని అదుపు చేసే హార్మోను రొయ్య కంటికాడలో తయారవుతుంది. గుడ్లు పెట్టకుండా ఆపే హార్మోనూ అక్కడిదే. అందుకే హేచరీల్లో తల్లి రొయ్య కంటికాడ ఒకటి తీసేసే పద్ధతి వచ్చింది. పిల్లల ఉత్పత్తికి అది పనికొచ్చినా, వినడానికే ప్రాణం విలవిలలాడుతుంది. దాని అవసరం లేకుండా గుడ్లు పెట్టించే దారుల కోసం జరిగే ప్రతి ప్రయత్నానికీ అండ దొరకాలి.

డిప్ప పేరు పెట్టుకున్నా, ఈ కుటుంబంలో అందరూ పీతల్లా, రొయ్యల్లా ఉండరు. పూలకుండీ ఎత్తితే కింద తేమలో ఉండలా చుట్టుకుపోయే బూడిద రంగు జీవి నేలమీదికొచ్చిన క్రస్టేషియనే. చెరువు నీళ్లలో చుక్కల్లా గంతులేసే సైక్లాప్స్ కూడా ఈ కుటుంబానిదే, పొడవు సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. తెలుగువాళ్ల ఆరోగ్య చరిత్రలో రొయ్య కంటే, పీత కంటే పెద్ద చోటు దీనిదే. నారికురుపు పురుగు పిల్లల్ని కడుపులో మోసింది ఈ సైక్లాప్సే. దిగుడు బావి నీళ్లతో పాటు దీన్ని మింగిన మనిషికి, ఏడాది తర్వాత కాలి మీద బొబ్బ లేచి, దాదాపు మీటరు పొడవున్న పురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్త చొప్పున లాగేవాళ్లు. మందు లేదు, టీకా లేదు. మంచినీటిని గుడ్డతో వడగట్టడం, బావుల్లో సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ చల్లడం, దిగుడు బావుల బదులు బోరింగులు వేయడం, వీటితోనే పని జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బు పీడించిన 7 రాష్ట్రాల్లో ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు లేని దేశంగా ధ్రువపత్రం ఇచ్చింది.