టీవీ కింది బల్ల

మొదట్లో టీవీకి స్టాండు లేదు. టీవీయే ఒక చెక్క సామాను. 1946లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన 630-టీఎస్ తెర 10 అంగుళాలే కానీ, దాని వెనక పెట్టె నిండా దాదాపు 30 వాక్యూమ్ ట్యూబులు. ఆ తర్వాత వచ్చిన కన్సోల్ మోడళ్ళలో టీవీ, రేడియో, గ్రామఫోను మూడూ ఒకే బీరువాలో ఒదిగేవి. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలయ్యాక మన ఇళ్ళలోకి వచ్చిన బ్లాక్ అండ్ వైట్ టీవీలకూ చెక్క ఒళ్ళే. నాలుగు కాళ్ళు, పక్కలకు జరిగే షట్టర్లు, వాటికో తాళం. పరీక్షల నెలలో ఆ తాళంచెవి నాన్న జేబులో ఉండేది.

ఆ టీవీకి అంత లోతు ఎందుకంటే పిక్చర్ ట్యూబ్ వల్ల. ట్యూబ్ మెడలోంచి బయల్దేరిన ఎలక్ట్రాన్ల ధార అయస్కాంత బలంతో వంగి, తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడవాలి. ఎక్కువ వంగలేని ధార తెరంతా తుడవాలంటే తెర దూరంగా ఉండాలి. తొలి రోజుల ట్యూబుల్లో వంపు కోణం 50 డిగ్రీల చుట్టుపక్కలే. 1950ల చివరికి అది 110 డిగ్రీలకు చేరి మెడ పొట్టిదైంది. అయినా 29 అంగుళాల కలర్ టీవీ మోయాలంటే ఇద్దరు మగాళ్ళు కావాల్సిందే. అందుకే ఆనాటి స్టాండుకు మందమైన పలక, గట్టి కాళ్ళు, గోడ నుంచి రెండడుగులు ముందుకొచ్చే లోతు ఉండేవి. కొలతలు వేసినవాడు వడ్రంగే. వేయించింది మాత్రం ఎలక్ట్రాను.

1976లో వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్లు వచ్చాక బల్లకు కింద ఇంకో అర పుట్టింది. అసలు రద్దీ హోమ్ థియేటర్‌తో మొదలైంది. దాని మూలం సినిమాహాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజినీరు కాబోయే భార్యతో సినిమాకు వెళ్ళి, నటుడు తెర మీద ఎటు నడిచినా గొంతు మాత్రం ఒకేచోటి నుంచి రావడం చూసి విసుక్కున్నాడని చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1933 ఏప్రిల్ 27న బెల్ ల్యాబ్స్ వాళ్ళు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను తీగల మీద వాషింగ్టన్‌కు పంపి మూడు స్పీకర్లలో వినిపించారు. ఎడమ, కుడి, మధ్య.

ఆ మధ్య స్పీకరు అలంకారం కాదు. రెండే స్పీకర్లుంటే సరిగ్గా నడుమ కూర్చున్నవాడికే గొంతు తెర మధ్య నుంచి వచ్చినట్టుంటుంది. సోఫా చివర కూర్చున్న అత్తగారికి హీరో డైలాగు దగ్గరి స్పీకర్లోంచే వినపడుతుంది. 1987లో డాల్బీ ప్రో లాజిక్, 1990లలో డీవీడీతో పాటు డాల్బీ డిజిటల్ అనే శబ్ద పద్ధతులు ఈ సెంటర్ స్పీకర్ని ఇళ్ళలోకి తెచ్చాయి. మాటలు దాదాపు అన్నీ దానిలోంచే వస్తాయి కాబట్టి అది తెరకు ఆనుకునే ఉండాలి, అంటే బల్ల మీదో, పై అరలోనో.

అక్కడే పేచీ వచ్చింది. స్పీకర్లో బలమైన అయస్కాంతం ఉంటుంది. కలర్ పిక్చర్ ట్యూబ్ లోపల చిల్లుల స్టీలు రేకు ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే ధారలు దారి తప్పి ఎరుపు పడాల్సిన చోట ఆకుపచ్చ పడుతుంది, తెర మూలల్లో రంగు మచ్చలు తేలతాయి. టీవీ ఆన్ చేయగానే వినిపించే ఆ "డబ్" శబ్దం, రేకుకు అంటుకున్న అయస్కాంతత్వాన్ని చెరిపేసే తీగచుట్టదే. అప్పట్లో సెంటర్ స్పీకర్లను అయస్కాంతం బయటికి పొక్కకుండా కవచం వేసి అమ్మేవారు. ఎల్‌సీడీలు వచ్చాక ఆ బాధే లేదు.

టీవీ పలచబడింది కదా, బల్ల కూడా పలచబడిందా? లేదు. ఇప్పుడు దాని లోతును శాసిస్తున్నది హోమ్ థియేటర్ స్పీకర్లను నడిపే రిసీవరు. సాధారణ ఏవీ రిసీవరు వెడల్పు 17 అంగుళాలు, లోతు 13 నుంచి 16. వెనక తీగలు వంగడానికి ఇంకో మూడు నాలుగు అంగుళాలు. 12 అంగుళాల లోతుతో ముచ్చటగా ఉండే టీవీ యూనిట్ సెట్‌టాప్ బాక్సుకు చాలు, రిసీవరుకు చాలదు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. మామూలు శబ్దం దగ్గర రిసీవరు మింగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. పైన గాలికి నాలుగైదు అంగుళాలైనా వదలాలి, వెనక చెక్క పూర్తిగా మూయకూడదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గదే 38 డిగ్రీలుంటే, మూసిన అర లోపల ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక తలుపులు. రిమోట్ పరారుణ కాంతి గాజులోంచి దూరుతుంది, చెక్కలోంచి దూరదు. గాజు తలుపులు అలా వచ్చాయి. కానీ గాజు వేడినీ బంధిస్తుంది, సెంటర్ స్పీకరు గొంతునూ నొక్కేస్తుంది. నన్నడిగితే కేన్ జాలీ తలుపు మేలు. గాలి, శబ్దం రెండూ వెళ్తాయి. రిమోట్ పనిచేస్తుందో లేదో మాత్రం కొనేముందే చూసుకోవాలి. స్పీకర్ని అర లోపలికి తోసేయకండి. దాని ముఖం అర అంచుతో సమంగా ఉండాలి, లేకపోతే మాట పలకకు తగిలి మసకబారుతుంది. సబ్‌వూఫర్‌కు బల్లలో చోటు వెతకొద్దు. 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు, కాబట్టి అది నేల మీద ఎక్కడున్నా సరే.

ఎత్తు లెక్క చాలామంది తలకిందులు చేస్తారు. టీవీ పెద్దదైతే బల్ల పొట్టిదవ్వాలి. సోఫాలో కూర్చుంటే కళ్ళు నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం అక్కడికి రావాలి. 55 అంగుళాల తెర ఎత్తు 27, కాబట్టి టీవీ కాళ్ళు పోను 23-24 అంగుళాల బల్ల సరిపోతుంది. 65కు 21 చాలు. చాప మీద కూర్చుని చూసే ఇంట్లో ఇంకా తక్కువ. తెర వెడల్పు 55కు 48 అంగుళాలు, 65కు 57. నేటి టీవీల కాళ్ళు చాలావాటికి రెండు చివర్లలో ఉంటాయి, అందుకే కాళ్ళ మధ్య దూరం కొలిచాకే బల్ల చూడండి. 21 అంగుళాల టీవీ కోసం కట్టిన పాత షోకేసు గడిలో 43 అంగుళాలది ఎలాగూ పట్టదు.

పలక సంగతి భౌతికశాస్త్రం చెబుతుంది. అదే బరువు పరిచినప్పుడు, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే పలక 8 రెట్లు కుంగుతుంది. మందం 18 మి.మీ. నుంచి 25కు పెంచితే రెండున్నర రెట్లకు పైగా గట్టిపడుతుంది. పార్టికల్ బోర్డు ఏళ్ళ తరబడి బరువు మోస్తే నెమ్మదిగా వంగుతుంది, తీరప్రాంతపు తేమలో మరీను. అయిదడుగుల బల్లకు నడుమ ఒక కాలో, నిలువు పలకో ఉండి తీరాలి.

చివరిగా ఒక్క మాట. పలచని టీవీ తేలిగ్గా ముందుకు పడుతుంది, పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు. బల్లనూ టీవీనీ గోడకు పట్టీలతో బిగించండి. తీగలన్నీ కలిపాక చూద్దామని వాయిదా వేయకండి, కార్పెంటరు ఇంట్లో ఉండగానే ఆ పని చేయించండి.