పెరటిలోని రేడియో స్తంభము



ఉరుము వినబడగానే అర్జునుని పేర్లు తలచుకొనుట మన యిండ్లలో తరతరముల ఆచారము. గుండెధైర్యమునకు ఆ తలపు మంచిదే. కాని పెరటిలో ఎత్తైన యినుపస్తంభము నిలిపిన గృహమున దానికితోడు భూమిలో చేయవలసిన పని యొకటి కలదు. అమృతలూరు మొదలగు తెనాలి ప్రాంతపు గ్రామముల గృహిణులను తలచి దీనిని వ్రాయుచున్నాము.

ప్రభుత్వానుమతి పొంది, లాభాపేక్ష లేక, స్వంత యంత్రముతో దూరదేశములవారితో మాటలాడువారిని హామ్ రేడియోవారందురు. 1983లో హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన తెలుగునాట ఈ విద్యకు ప్రాపు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనవంటి యాపద వచ్చి టెలిఫోనులు మూగవోయినప్పుడు ఇట్టి స్తంభమే ఊరికి నోరు కాగలదు. కావున మీ కుమారుడు గాని కుమార్తె గాని స్తంభము నెత్తుదునన్నచో వలదనకుడు. “భూమికి చక్కగా కలిపితివా?” యని మాత్ర మడుగుడు.

పిడుగనగా సుమారు 30,000 ఆంపియర్ల ప్రవాహము. దానిని ఆపలేము, త్రోవ చూపగలము. 1753లో రష్యాదేశపు సెంటు పీటర్సుబర్గు నగరమున రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పిడుగును పరిశీలింపగోరి, ఇంటికప్పుమీది యినుపకడ్డీని తీగెతో గదిలోనికి తెచ్చెను, భూమికి కలుపలేదు. పిడుగు వేరు త్రోవ గానక ఆతని నుదుటిపై దుమికి ప్రాణము గొనెను.

స్తంభపు కాళ్లను మట్టిలో పాతినంతనే పని ముగియదు. ప్రతి కాలినుండియు వెడల్పైన రాగిపట్టీ మెలికలు లేక దిగి, భూమిలో దిగగొట్టిన కడ్డీకి చేరవలెను. ఆ కడ్డీలన్నియు ఒకదానితో నొకటియు, ఇంటి కరెంటు ఎర్తుతోను కలియవలెను. ఈ తుదిమాటయే ముఖ్యము. కాలువగట్టునకు ఇరుప్రక్కల నీటిమట్టము మిక్కిలి వేరైనచో గండి పడునుగదా! అట్లే ఎర్తులు రెండును విడివిడిగా నున్నచో, పిడుగు పడిన క్షణమున ఒకటి వేలకొలది వోల్టులు పైకి లేచును. నడుమనున్న గట్టు మన యిల్లే. గోడలలోని తీగెలగుండ, యంత్రములగుండ ప్రవాహము గండి కొట్టును. రెండును కలిసియున్నచో ఆ తేడా మిక్కిలి తగ్గును. స్తంభమునుండి వచ్చు కేబులునకు ఇంటిగోడ కడనే సర్జ్ అరెస్టరు అమర్చి, దానిని ఆ ఎర్తునకే కలుపవలెను.

ఇక మన నేల సంగతి. కృష్ణా డెల్టా నల్లరేగడి తడిగా నున్నప్పుడు విద్యుత్తును చక్కగా గ్రహించును. కాలువలు కట్టివేసిన వేసవిలో నెర్రెలు విచ్చి కడ్డీని వదలును. పిడుగుల వానలు వచ్చునదియు ఆ దినములలోనే: 2018 ఏప్రిలు 24న ఆంధ్రప్రదేశమున 13 గంటలలో 36,749 పిడుగులు లెక్కకు వచ్చినవి. కావున కడ్డీ లోతున తడి తగులువరకు దిగవలెను. ఎండకాలమున ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు ఎర్తుగుంటలో బిందెడు నీళ్లు పోయుచుండుడు. ఏటేట ఎలక్ట్రీషియనుచే కొలిపింపుడు. పిడుగురక్షణ ఎర్తు 10 ఓములకు మించరాదు.

బట్టలదండెపు తీగెను స్తంభమునకు కట్టకుడు. మబ్బు పట్టకమునుపే కేబులును యంత్రమునుండి విడదీయింపుడు. ఉరుము మొదలైన పిదప దానిని ముట్టరాదు. కడపటి ఉరుము విన్న తరువాత 30 నిమిషములు గడచువరకు పిల్లలను స్తంభము దరికి పోనీయకుడు. స్తంభము నెత్తుట పిల్లల యుత్సాహము. దాని వేరు నేలలో పచ్చిగా నుండునట్లు చూచుట గృహిణి నేర్పు.