పల్లమున కుఱుకు బండ్లు

నీరు పల్లమెఱుగు నన్నమాట మన యిండ్లలో వినని వారుండరు. నీరే గాదు, చక్రమున్న ప్రతి వస్తువును పల్లమెఱుగును. ఈ యొక్క గుణమును నమ్ముకొని, ముందు ఇంజను లేక, లాగుటకు ఎద్దు లేక, మనుష్యులను కూర్చుండబెట్టుకొని పరుగెత్తు రైలుబండ్లను వినోదవనములందు కట్టిన వారు కలరు. వానినే నేడు రోలర్ కోస్టర్లని పిలుచుచున్నాము.

మన చిత్తూరు సీమ చెన్నపట్టణమునకును బెంగుళూరునకును నడుమ నున్నది. వేసవి సెలవులు వచ్చినంతనే పిల్లలు ఆ రెండు పట్టణములలో నేదో యొకదాని వినోదవనమునకు కొనిపొమ్మని మారాము చేయుదురు. తండ్రి బిడ్డలతో బండి యెక్కును. తల్లి సంచులును, చెప్పులును, నీళ్ల సీసాయును పట్టుకొని క్రింద నిలుచును. బండి కొనకెక్కి, క్షణకాలము నిలిచినట్లే నిలిచి, తటాలున దుమికినపుడు ఆ తల్లి గుండెలో పుట్టు ప్రశ్న యొక్కటే: అది పట్టాలు తప్పి పడిపోదా? ఏమియు కాదులెమ్మని ఊరడించుట మా యుద్దేశము కాదు. ఈ బండ్లను మొదట కట్టినవారు ఏ చిక్కులు పడిరో, ఒక్కొక్క చిక్కును ఎట్లు విప్పిరో తెలిసికొన్నచో, ఎక్కించవచ్చునో కూడదో ఆమె తానే కనులార చూచి నిర్ణయింపగలదు.

ఈ విద్యకు మొదటి పాఠము మన తిరుమల కొండదారిలోనే యున్నది. కొండకు మొదటి ఘాటురోడ్డు 1944లో ఏర్పడినది. రెండవది 1974లో వచ్చినది. నేడు క్రొత్తదారిని ఎక్కుదురు, పాతదారిని దిగుదురు. ఎక్కునపుడు బస్సు రొప్పుచు రోజుచు పోవును. దిగునపుడు ఇంజనుకు పనియే లేదు. అయినను డ్రైవరు మొగము చూడుడు: ఎక్కునపుడు ప్రక్కవానితో మాటలాడిన మనుష్యుడే దిగునపుడు నోరు మూసికొని, చిన్న గేరులో బండిని బిగబట్టి, మలుపు మలుపునకును బ్రేకుపై కాలుంచి యుండును. పల్లము ఉచితముగ ఇచ్చునది పరుగు మాత్రమే. ఆ పరుగును నిలుపుటయు, దిగిన బండిని మరల పైకి చేర్చుటయు మనుష్యుని పాలిట పని. వాలుబండ్ల చరిత్ర యంతయు ఈ రెండు పనుల చుట్టునే తిరిగినది.

ఆటకొఱకు మొదట జారినవారు రష్యా దేశీయులు. అచ్చట చలికాలమున కొయ్యతో ఎత్తైన కట్టడము కట్టి, దాని వాలుపై నీరు పోసి గడ్డకట్టనిచ్చి, ఆ మంచుబాటపై చిన్న జారుడుబల్లలమీద దిగుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున కేథరిన్ చక్రవర్తినికి ఈ యాటయందు మక్కువ యెక్కువ. మంచు లేని వేసవిలో గూడ ఆడుటకై సెంట్ పీటర్సుబర్గు చేరువ ఒరానియెన్‌బామ్ ఉద్యానమున చక్రముల బండ్లు దిగు వాలు నిర్మింపబడెను. వాలు పోయినది గాని, ఆమె విశ్రమించిన మందిరము నేటికిని నిలిచియున్నది. ఫ్రెంచివారు ఈ యాటను చూచి, 1817లో ప్యారిసునందు బెల్‌విల్ అనుచోట దీనిని కట్టి, "రష్యా కొండలు" అని పేరిడిరి. ప్యారిసులో మంచు నిలువదు గనుక బండికి చక్రములు తప్పలేదు. చక్రము ఎగిరి తప్పకుండ, ఇరుసు కొనలు పట్టాలలో తొలిచిన గాడిలో చిక్కియుండునట్లు అమర్చిరి. ఈ గాడి సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. నూరేండ్ల తరువాత అది మరియొక రూపమున మరల వచ్చును. ఇందొక వింత: ఫ్రెంచివారు రష్యా కొండలన్నవానిని రష్యావారు నేడు "అమెరికా కొండలు" అనుచున్నారు. పొరుగింటి పుల్లగూర రుచి యనుట అన్నిదేశముల యందును ఒక్కటే కాబోలు.

అమెరికాలో ఇది ఆటగా పుట్టలేదు. పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ అను గ్రామమునకు పైకొండలోని గనులనుండి బొగ్గు దింపుటకై 1827లో సుమారు 9 మైళ్ల వాలురైలు వేసిరి. బొగ్గు నిండిన బండ్లు తమ బరువునకు తామే దిగెడివి. ఖాళీబండ్లను కంచరగాడిదలు పైకి లాగుచుండెను. ఆ గాడిదలను క్రిందికి నడిపించుట దండుగని తలచి, వానిని గూడ ఒక బండిలో నెక్కించి దింపుచుండిరి. కొన్నాళ్లకు ఆ జంతువులు ఈ సుఖమునకు అలవాటుపడి, కొండ నడచి దిగుమన్న మొరాయించినవట! తరువాత గాడిదలకు బదులు ఆవిరియంత్రములు వచ్చినవి. 1872లో బొగ్గునకు సొరంగమార్గము ఏర్పడగా, ఈ వాలురైలు కేవలము వినోదయాత్రికులదై, 1933 వరకును నడచెను. కొండ దిగుటకు సొమ్ముచ్చి వచ్చు వేలమందిని చూచినవారిలో కొందఱికి ఒక యూహ తట్టెను: కొండ లేనిచోట కొండను కొయ్యతో కట్టరాదా?

ఆ పని లాభదాయకముగ చేసిన వాడు లామార్కస్ థాంప్సన్. ఈయన వడ్రంగపు పనివాడు. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠములు చెప్పువాడు. మేజోళ్లు అల్లు యంత్రములతో సొమ్ము గడించినవాడు. న్యూయార్కు చెంత కోనీ ద్వీపమున 1884 జూను 16వ తేదీన ఈయన వాలురైలు తెరువబడెను. మూల్యము మనిషికి 5 సెంట్లు. బాట పొడవు 600 అడుగులు, వేగము గంటకు సుమారు 6 మైళ్లు. మన జట్కాబండి యంతకంటె వేగముగ పరుగిడును! సముద్రతీరపు మద్యశాలలనుండి జనులను మరల్చి, కుటుంబముతో కూర్చుండదగిన వినోదము కల్పింపవలెనని ఆయన కోరిక. బల్లలు ప్రక్కకు తిరిగియుండెను. కూర్చున్నవారు ముందున్న పల్లమును గాక, సముద్రమును చూచుచు పోవుదురు. స్త్రీలు జంకక ఎక్కుటకు ఈ యమరికయే సాయపడి యుండునని మేము తలంచుచున్నాము.

అయినను థాంప్సను బండిలో ఒక చిక్కు మిగిలెను. దానిని మన ఉయ్యాలతోనే తెలియజెప్పవచ్చును. అట్లతద్దెనాటి ఉయ్యాలను ఒకవైపు చాతియెత్తున లాగి, నెట్టక, ఊరక వదలుడు. అది ఆవలి వైపునకు పోవును గాని, వదలిన యెత్తునకు చేరదు. ఒక్కొక్క ఊపునకును కొంత తగ్గి తుదకు నిలిచిపోవును. గాలియు, త్రాటి యొరపిడియు దాని బలమును కొద్దికొద్దిగ మ్రింగుచుండును. వాలుబండియు ఉయ్యాలయే. మొదటి మెట్టు ఎంతయెత్తో, అంతకంటె రెండవది తక్కువగ నుండవలెను, మూడవది ఇంకను తక్కువ. కావుననే థాంప్సను బండి ఒక కొననుండి దిగి, రెండవ కొనకు చేరునప్పటికి పైమెట్టును అందుకొనలేకుండెను. జనులు దిగెడివారు, పనివాండ్రు బండిని మెట్టుమీదికి త్రోసి, ప్రక్కపట్టాపైకి మార్చెడివారు, మరల జనులెక్కి తిరిగివచ్చెడివారు.

ఇక్కడ మరియొక లెక్క గలదు. రెట్టింపు వేగము కావలెనన్న రెట్టింపు ఎత్తు చాలదు, నాలుగురెట్ల ఎత్తు కావలయును. వేగము పెంచదలచినవారికి కట్టడపు కఱ్ఱ ఖర్చు ఎట్లు పెరుగునో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. లావుపాటి వారెక్కిన బండి వేగముగ పోవునా యని పిల్లలడుగుదురు. కేవలము పడుటలో బరువునకును తేలికకును భేదము లేదు; కాని గాలియు ఒరపిడియు నిండుబండిని తక్కువగ, ఖాళీబండిని ఎక్కువగ అడ్డగించును. కావున నిండుబండియే కొంచెము ముందు. ఉదయపు చలిలో ఇరుసుల కందెన గట్టిపడి బండి మందముగ నడచును. ఎండ యెక్కి కందెన కరగినపిమ్మట అదే బండి చుఱుకుగ పోవును.

త్రోయువారి శ్రమను తప్పించుటకు దారి అదే సంవత్సరమున దొరకెను. చార్లెస్ ఆల్కోక్ అనునతడు బాటను గుండ్రముగ కలిపి, ఎక్కినచోటికే బండి చేరునట్లు చేసెను. 1885లో ఫిలిప్ హింకిల్ అనునతడు బండిని యంత్రముతో మెట్టుమీదికి లాగించెను. కూర్చుండువారి మొగమును ముందునకు త్రిప్పెను. ఇక బలమంతయు మొదటి మెట్టెక్కించుటలోనే వ్యయమగును. అటుపై బండి ఆ మూలధనమును ఖర్చు పెట్టుకొనుచు బాట ముగియువఱకు సాగును.

లాగు గొలుసు నడుమ తెగినచో? ఈ ప్రశ్నకు జవాబు మన చెవులకే వినబడుచున్నది. బండి మెట్టెక్కునపుడు టకటకమని మ్రోగునది యదియే. గోడగడియారమునకు తాళమిచ్చునపుడు వినబడు చప్పుడువంటిదే ఇదియు. లోపల పంటిచక్రమున్నది, ఒక కొక్కెము ఒక్కొక్క పంటిలో పడి వెనుకకు తిరుగనీయదు. బాటవెంట పండ్లపట్టె యొకటి పరచి, బండి యడుగున కొక్కెమును వ్రేలాడదీయుదురు. గొలుసు తెగినను బండి ఒక పంటి దూరముకంటె వెనుకకు జారదు. మాక్ చంక్ కొండవాలుపైననే ఇట్టి యేర్పాటుండెను. వినోదపు బండ్లకు దీనిని చక్కగ కుదిర్చిన వాడు జాన్ మిల్లర్.

తల్లి ప్రశ్నకు అసలు సమాధానము గూడ మిల్లరుదే. తొలిబండ్లకు చక్రములు పట్టాలపైన మాత్రమే యుండెను. పట్టామీద బండిని నిలిపియుంచునది దాని బరువొక్కటే. అట్టి బండిని మెట్టుమీదుగ వేగముతో పంపినచో, సైకిలు గతుకుపై ఎగిరినట్లు ఎగిరిపోవును. కావున పల్లములు సాధువుగ నుండవలసెను. పెన్సిల్వేనియాలో 1902లో కట్టిన "లీప్ ది డిప్స్" అనుదాని ఎత్తు 41 అడుగులైనను, అందలి పెద్ద దుముకు 9 అడుగులే! 1999లో దీనిని బాగుచేసి తిరిగి తెరచిరి. తాతలనాటి బండ్లు మెల్లగ నడచుట వారి పిఱికితనముచేత కాదు, చక్రము లంతవఱకే అనుమతించినవి. మిల్లరు 1919లో పట్టా యడుగున గూడ ఒక చక్రమును పెట్టుటకు హక్కుపత్రము పొందెను. పైని యొకటి, ప్రక్కను ఒకటి, క్రింద నొకటి, ఇట్లు మూడు చక్రములు పట్టాను పిడికిట పట్టినట్లు పట్టుకొనును. ప్యారిసు గాడి మరల వచ్చునంటిమి గదా, ఇదియే. నేడు ఎంత యెత్తు బండియైనను ఈ పట్టుపైననే ఆధారపడియున్నది.

తలక్రిందులుగ త్రిప్పు చుట్టు విషయమున మాత్రము చాల దెబ్బలు తగిలినవి. చెంబున నీరు పోసి, త్రాడు కట్టి గిరగిర త్రిప్పినచో నీరు ఒలుకదని పిల్లలందఱు నెఱుగుదురు. ఈ సూత్రముతోనే 1895లో కోనీ ద్వీపమున "ఫ్లిప్ ఫ్లాప్" అను బండిని 25 అడుగుల చుట్టులో త్రిప్పిరి. ఎవరును క్రింద పడలేదు గాని మెడలు నొచ్చినవి. చుట్టు పరిపూర్ణ వృత్తమగుటయే దోషము: నేరుగ వచ్చు బండి, మిక్కిలి వేగమున నున్న క్షణముననే, హఠాత్తుగ వంపులో పడును. ఆ దెబ్బ శరీరపు బరువునకు 12 రెట్లని చెప్పుదురు. అనగా 50 కిలోల స్త్రీకి క్షణకాలము 600 కిలోల భారము! వేగమెక్కువగ నున్న అడుగున వంపు విశాలముగను, వేగము తగ్గిన పైభాగమున బిగువుగను, నీటిబొట్టు ఆకారమున చుట్టవలెనను సంగతి 1976లో కాలిఫోర్నియాలో కట్టిన ఉక్కుబండితో స్థిరపడినది. జర్మనీ దేశపు వెర్నర్ స్టెంగెల్ దాని లెక్కలు కట్టెను.

ఇక నిలుపుట. తొలిబండ్లలో బ్రేకు పట్టువాడు జనులతోపాటే బండి నడుమ నిలిచి ప్రయాణము చేసెడివాడు. మెల్బోర్నులో 1912 నుండియు, కోపెన్‌హేగనులో 1914 నుండియు నడచుచున్న వాలురైళ్లలో నేటికిని అట్టివాడు కలడు. నిండుబండియా, ఖాళీబండియా, కందెన కరగినదా యని గ్రహించి చేతితోనే వేగము సరిచేయును. మన ఘాటురోడ్డు డ్రైవరునకు అన్నదమ్ముడనదగును. క్రొత్తబండ్లలో బ్రేకులు బాటకే అమర్పబడినవి. కూర్చున్నవారి చేతిలో గాని, బండిలో గాని ఏమియు లేదు.

కావున క్రింద నిలిచిన తల్లి చూడవలసినవి చూచుట కష్టము కాదు. బండి నిలిచియున్నపుడు చక్రముల పెట్టెను పరికింపుడు: పట్టా క్రింద చక్రమున్నదా? ఎక్కునపుడు టకటక వినబడుచున్నదా? ఒడిమీది కడ్డీని పనివాడు ప్రతివారికిని చేతితో లాగి చూచుచున్నాడా, లేక ఈలవేసి వదలుచున్నాడా? ఎత్తుకొలత పలక యొద్ద పిల్లవానిని మునివేళ్లపై నిలుపరాదు; కడ్డీ వాని తొడలకు బిగియుటకై ఆ కొలత. జాతరలలో రాత్రికి రాత్రి బిగించు చిన్నబండ్ల విషయమున ఈ పరీక్ష ఇంకను అవసరము. గర్భవతులు ఎక్కరాదు. ఎక్కువారు పైటకొంగును బొడ్డున దోపుకొని, జడను ముడిచికొనవలెను. మెడలో పొడుగు గొలుసును చుట్టపువారి చేతికిచ్చి పోవుట మేలు.

హైదరాబాదు చెంత 2016లో తెరచిన వండర్‌లా వనమున "రికాయిల్" అను బండి కలదు. దానిని మొదట వెనుకకు లాగి, మెట్టుపైనుండి వదలుదురు. చుట్టులు తిరిగి, ఎదుటి మెట్టు నెక్కబోవును. అయితే ఉయ్యాలవలెనే దాని కొనను అందుకొనలేదు. థాంప్సనునాడు పనివాండ్రు త్రోసినచోట నేడు రెండవ గొలుసొకటి కనిపెట్టుకొని యుండి, బండిని అందుకొని కొనకు లాగును. అటనుండి వదలగా, వచ్చినదారినే వీపు ముందుగ తిరిగిపోవును.