కంప్యూటరు కూడిక పద్ధతి మారితే పక్షం బిల్లు సరిచూసుకోండి

పూటపూటకూ సభ్యుడు పోసిన పాలు, వెన్న శాతం, ధర పట్టీకెక్కుతాయి. వాటిని పక్షానికొకసారి సభ్యునివారీగా కూడితేనే బిల్లు తయారవుతుంది. అనేక సంఘాల పద్దులు ఒకచోట చేరినప్పుడు ఈ కూడికను కంప్యూటరుకు అప్పగించక తప్పదు. ఇందుకు వాడదగిన సాధనాలలో ఎలాస్టిక్‌సెర్చ్‌ ఒకటి. 2010లో వెలువడిన ఈ సాధనం ప్రధానంగా పద్దులను వెతికిపెట్టేది. వెతికిన పద్దులను గుంపులు చేసి కూడి చూపడం కూడా దాని పనే. ఈ పనిని అగ్రిగేషన్‌ అనీ, ఒక్కొక్క గుంపును బకెట్‌ అనీ అంటారు. పాలు పోసే మనకు బకెట్‌ కొత్త మాట కాదు.

ఈ సాధనం 2019లో 7వ కూర్పుకు, 2022లో 8వ కూర్పుకు మారింది. ఆ మార్పులలో కొన్ని పాత ఆదేశాలు చెల్లకుండా పోయాయి. బిల్లు లెక్కకు సంబంధించినంతవరకు మూడు విషయాలు గమనించదగినవి.

మొదటిది గడువు. తేదీలవారీగా గుంపులు చేయడానికి పూర్వం ‘ఇంటర్వల్‌’ అనే ఒక్క మాట సరిపోయేది. అది పంచాంగం ప్రకారం నెలా, లేక లెక్కకు ఇన్ని రోజులా అన్నది యంత్రమే నిర్ణయించుకునేది. 8వ కూర్పులో ఆ మాట తీసివేశారు. పంచాంగ నెలకు ‘క్యాలెండర్‌ ఇంటర్వల్‌’ అనీ, కచ్చితమైన రోజుల లెక్కకు ‘ఫిక్స్‌డ్‌ ఇంటర్వల్‌’ అనీ స్పష్టంగా చెప్పాలి. మన పక్షం ఈ రెండింటిలోనూ ఇమడదు. 15 రోజుల ఫిక్స్‌డ్‌ ఇంటర్వల్‌ అడిగితే యంత్రం 1970 జనవరి 1 నుండి పదిహేనేసి రోజులు లెక్కిస్తూ వస్తుంది. ఆ లెక్కన 2025 జూన్‌ 26 నుండి జూలై 10 వరకు ఒక గుంపు అవుతుంది. మన బిల్లేమో జూలై 1 నుండి 15 వరకు! కాబట్టి తేదీలను విడిగా చెప్పే ‘డేట్‌ రేంజ్‌’ పద్ధతి వాడాలి. అందులో ముగింపు తేదీ లెక్కలో చేరదు. 15వ తేదీ పాలు కలవాలంటే 16 అని వ్రాయాలి.

రెండవది ఖాళీ గడులు. పద్దులో సంఘం నెంబరో, సభ్యుని నెంబరో లేకపోతే దాని చోట ఒక విలువ వేసుకొమ్మని కాంపోజిట్‌ కూడికలో చెప్పే వీలు పూర్వం ఉండేది. 7వ కూర్పులో అది పోయింది. బదులుగా ‘మిస్సింగ్‌ బకెట్‌’ అని కోరాలి. కోరకపోతే అటువంటి పద్దులు ఏ హెచ్చరికా లేకుండా మొత్తంలోంచి జారిపోతాయి. పాలు డెయిరీకి చేరినా లెక్కలో కనిపించవు.

మూడవది పరిమితి. ఒక్క ప్రశ్నకు ఇన్ని గుంపులే అన్న హద్దు 7వ కూర్పులో 10,000గా పెట్టి, తరువాత పెంచారు. హద్దు దాటితే జవాబే రాదు. సభ్యునివారీ, రోజువారీ గుంపులు ఒకేసారి అడిగితే పెద్ద యూనియన్లకు ఈ చిక్కు ఎదురవుతుంది. అడిగేది విడతలుగా అడగాలి.

ఆదేశాలు తిరగవ్రాసేటప్పుడు మన దేశ కాలమానం మాట విడిచిపెట్టరాదు. అది చెప్పకపోతే యంత్రం మనకన్నా ఐదున్నర గంటలు వెనుక ఉన్న అంతర్జాతీయ కాలమానం పాటిస్తుంది. పద్దులో సమయం సరిగానే ఉన్నా, ఒకటో తేదీ ఉదయం 5 గంటలకు పోసిన పాలు ముందురోజు రాత్రి 11.30కి పోసినట్లు లెక్కకు వస్తాయి. అవి వెనుకటి పక్షంలో పడతాయి.

యంత్రం ఆగిపోతే అందరికీ తెలుస్తుంది, బాగుచేస్తారు. ఆగకుండా తప్పు మొత్తం చూపితే నష్టం సభ్యునిది. కనుక కూర్పు మార్చే యూనియన్‌ను సంఘాలు ఒక్కటి కోరవలెనని మా సలహా: ఒక పక్షం లెక్కను పాత, కొత్త కూర్పులు రెండింటిలోనూ వేయించండి. కార్యదర్శి దినసరి పట్టీలోని లీటర్లతోనూ, పద్దుల సంఖ్యతోనూ ఆ రెండింటినీ సరిపోల్చండి. పక్షం మొదటి రోజు, చివరి రోజు పద్దులను ప్రత్యేకంగా చూడండి. తేడా తేలితే కారణం తెలిసేవరకు పాత లెక్క మీదనే చెల్లింపు జరగాలని పాలకవర్గం తీర్మానించుకోవచ్చు. సభ్యులు తమ పాల కార్డులను అంతవరకు భద్రంగా ఉంచుకోవలెను.