విమానమునకు ఎందరు చోదకులు కావలెను?

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, మహాసముద్రములను దాటు ప్రయాణికుల విమానములలో, ముందుభాగముననున్న చిన్నగదిలో సాధారణముగా అయిదుగురు పనిచేయుచుండెడివారు. ఇద్దరు చోదకులు. మూడవవాడగు నావిగేటరు నక్షత్రములను చూచి, పటముపై గీతలు గీచి, విమానము ఎక్కడ ఉన్నదో చెప్పెడివాడు. నాలుగవవాడు మోర్సు సంకేతములతో వార్తలు పంపు రేడియో ఆపరేటరు. అయిదవవాడు ఇంజనులను, ఇంధనమును కనిపెట్టియుండు ఫ్లయిట్ ఇంజనీరు. నేడు అంతకంటె ఎంతో పెద్ద విమానములను ఇద్దరే నడుపుచున్నారు. మిగిలిన ముగ్గురు ఏమైనారు?

వారి పనులను ఒక్కొక్కటిగా యంత్రములు చేపట్టినవి. రేడియోలో మాటలు స్పష్టముగా వినబడసాగగానే సంకేతములు తెలిసినవాని అవసరము తీరినది. విమానవేగములో కలుగు ప్రతి మార్పును కొలిచి, దానినిబట్టి స్థానమును లెక్కకట్టు పరికరము 1970 ప్రాంతమున నావిగేటరు పనిని గ్రహించినది. పిమ్మట కంప్యూటర్లు ఇంజనులను తామే పరిశీలించి, లోపము కలిగినప్పుడు తెరపై తెలుపసాగినవి. అట్టి విమానములకు ఇద్దరు చాలుదురని 1981లో అమెరికా అధ్యక్షుడు నియమించిన సంఘము తేల్చినది. 1989లో ప్రయాణములు ఆరంభించిన బోయింగ్ 747-400లో ఫ్లయిట్ ఇంజనీరుకు స్థానము లేదు.

ఇక ఇద్దరిని ఒక్కరుగా చేయరాదా? తానే నడచు యంత్రము, అనగా ఆటోపైలట్, క్రొత్తది కాదు. 1914లో పారిస్ వద్ద లారెన్స్ స్పెర్రీ చేతులు పైకెత్తి కూర్చుండగా అతని విమానము తిన్నగా ఎగిరినది. నేటి ఆటోపైలట్ తగిన పరికరములున్న విమానాశ్రయములో, దట్టమైన పొగమంచులో సైతము విమానమును దింపగలదు.

అయినను ఇక్కడ ఒక భేదము కలదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క చేయుచు ఒక సున్న వదలినచో, అది ఆయనకు కనబడదు. ముందుబెంచీ విద్యార్థికి వెంటనే కనబడును. విమానములోను అంతే. ఒకరు నడుపుచుండగా రెండవవారు కొలతలు చదువుచు, రేడియోలో మాట్లాడుచు, మొదటివారి పొరపాటును ఎత్తిచూపుదురు. మొదటివారు స్పృహ తప్పినచో విమానమును తామే దింపుదురు.

ఆపదలో ఇద్దరికిని చేతినిండ పని యుండును. 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి ఒక విమానపు రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. సల్లెన్‌బర్గర్ దానిని హడ్సన్ నదివైపు మళ్ళించుచుండగా, స్కైల్స్ ఇంజనులను తిరిగి నడిపింప ప్రయత్నించుచుండెను. వారికి దొరికిన వ్యవధి మూడున్నర నిమిషములు. 155 మందియు బ్రతికిరి.

యంత్రమునకును హద్దులున్నవి. అదే సంవత్సరము జూన్ 1న అట్లాంటిక్‌పై ఎయిర్ ఫ్రాన్స్ విమానములో, వేగమును కొలుచు గొట్టములు మంచుతో మూసుకొనిపోగా ఆటోపైలట్ పని మానినది. చోదకులు పరిస్థితిని గ్రహింపలేకపోయిరి. 228 మంది మరణించిరి. ఇద్దరున్నంత మాత్రమున ఆపద తప్పదనియు, కష్టసమయమున యంత్రము భారమును మనిషికే విడిచిపెట్టుననియు ఇది తెలుపుచున్నది.

దూరప్రయాణములో ఒకరు విశ్రమింపగా ఒక్కరే నడుపు పద్ధతిని యూరపు విమానభద్రతాసంస్థ పరిశీలించినది. నేటి పరికరములతో ఇప్పుడున్నంత భద్రత కలుగునని నిరూపింప వీలుకాదని 2025లో తెలిపినది.

వెనుక ముగ్గురి పని యంత్రములకు అప్పగించినప్పుడు, ఒకరినొకరు సరిచూచుకొనుటకు ఇద్దరు మిగిలియుండిరి. ఒక్కరే మిగిలినచో ఆ ఒక్కరిని సరిచూచునదెవరో ముందుగా తేలవలెను.