మీకు తెలుసా? చీకటి గదిలో ప్రొజెక్టర్‌కు 415 ల్యూమెన్లు చాలు!

డిజిటల్ సినిమా హాల్లో తెర వెలుగుకు ప్రమాణం 48 నిట్లే. ఇంట్లో 100 అంగుళాల మామూలు తెల్ల తెర మీద, గది పూర్తిగా చీకటిగా ఉంటే, అంత వెలుగుకు సుమారు 415 ల్యూమెన్లు సరిపోతాయి. తెర 200 అంగుళాలైతే వైశాల్యం నాలుగింతలు కాబట్టి దాదాపు 1,660 కావాలి.

లైట్లు వేస్తే లెక్క మారుతుంది. ప్రొజెక్టర్ నలుపును వెయ్యలేదు; గది వెలుతురు పడి నల్లటి భాగాలు బూడిద రంగుకు తిరుగుతాయి. అప్పుడు వేలల్లో ల్యూమెన్లు కావాలి.

ల్యాంపు వాడేకొద్దీ మసకబారుతుంది, రంగులు సహజంగా చూపే సినిమా మోడ్‌లోనూ వెలుగు తగ్గుతుంది. అందుకే లెక్కకు రెట్టింపైనా ఉన్నది కొనాలి. పెట్టె మీది పెద్ద అంకెను నమ్మకుండా, ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు ఎన్నో అడగండి.